సలహా అడగడం వేరు, వినడం వేరు: పాస్టర్లు, సంఘ పెద్దలు, కమిటీలు

తిమోతి_నల్గొండ | సోమవారం, రాత్రి 9:12

అందరికీ వందనాలు. "ఆలోచన చెప్పువారు బహుమంది యున్నయెడల ఉద్దేశములు దృఢపడును" (సామెతలు 15:22) మీద ప్రసంగాలకు కొదవ లేదు. నేను అడుగుతున్నది పద్ధతి గురించి. ఒక ఉదాహరణ పెట్టుకుందాం. వంద కుటుంబాల స్వతంత్ర సంఘం, మందిరానికి స్థలం కొనాలి. పాస్టర్ గారు కొనేద్దామంటారు, పెద్దల్లో సగం మంది ఆగమంటారు. ఇక్కడ "సలహా వినడం" అంటే చేతల్లో ఏమిటి? పెద్దలు చెప్పిందల్లా చేస్తూ పోతే పాస్టర్ గుమస్తా అయిపోడా?

బెరయ_పాఠకుడు | సోమవారం, రాత్రి 10:40

సొలొమోను కొడుకు రెహబాముతోనే మొదలుపెడదాం, కాకపోతే కాస్త నెమ్మదిగా చదవాలి (1 రాజులు 12). తండ్రి మోపిన బరువు తగ్గించమని ప్రజలు అతన్ని అడిగారు. పెద్దల మాట వినలేదు, పది గోత్రాలు పోయాయి అని రెండు ముక్కల్లో తేల్చేస్తుంటాం. కానీ అతను సలహా అడిగాడు కదా. మూడు రోజులు గడువు తీసుకున్నాడు, రెండు వర్గాలనూ పిలిచాడు. మన సంఘాల్లో చాలామంది నాయకులు అంతమాత్రం కూడా చేయరు.

తేడా 8వ వచనంలో ఉంది. పెద్దల మాట తోసేసిన *తర్వాతే* యౌవనులను పిలిచాడు. అంటే ఆ రెండో విడత సంప్రదింపు కాదు, వత్తాసు కోసం వెతుకులాట. హెబ్రీలో ఇంకో సంగతి కనిపిస్తుంది. పెద్దలను అడిగినప్పుడు "ఈ ప్రజలకు ఏం జవాబు చెప్పమంటారు" అన్న ధోరణి. యౌవనుల దగ్గరికి వచ్చేసరికి క్రియాపదం "మనం" అయిపోతుంది, "మనం ఏం జవాబిద్దాం" అని. ఎవరు తనవాళ్లో అప్పటికే తేల్చుకున్నాడు.

ఇక "కుర్రాళ్ల మాట విని చెడ్డాడు" అనడం కూడా సరికాదు. రాజయ్యేనాటికి రెహబాముకు 41 ఏళ్లు (14:21). అతనితో పెరిగినవాళ్లూ ఇంచుమించు అంతే. వయసు కంటే వాళ్ల కొలువు చూడండి. పెద్దలు సొలొమోను ఎదుట నిలిచినవాళ్లు, వీళ్లు రెహబాము ఎదుట నిలిచేవాళ్లు. వాళ్ల కూడు అతని చేతిలో ఉంది. పాస్టర్ జీతమిచ్చే సహాయకుడో, పాస్టర్ బావమరిదో పెద్దల కమిటీలో ఉంటే జరిగేదీ ఇదే.

గోదావరి_బ్రదరన్ | మంగళవారం, ఉదయం 6:25

బెరయ బ్రదర్, అదే అధ్యాయం 21 నుంచి 24 వచనాలు మనవాళ్లు ఎక్కువగా వదిలేస్తారు. ఇంత జరిగాక రెహబాము లక్షా ఎనభై వేల మందిని పోగేసి యుద్ధానికి బయలుదేరుతుంటే దైవజనుడు షెమయా వచ్చి వద్దంటాడు. వింటారు, వెనక్కి వెళ్లిపోతారు. ఒకసారి వినని నాయకుడు ఇక ఎప్పటికీ వినడని రాసేయకూడదు.

అయితే సామెతలు 15:22 చదివి "ఎక్కువమంది ఏమంటే అదే" అనుకునేవాళ్లు అపొస్తలుల కార్యములు 27 కూడా చదవాలి. ఓడ మంచిరేవులులో ఉంది, ఉపవాసదినం దాటిపోయింది, అంటే శరత్కాలం వచ్చేసింది, ఇక సముద్రం నమ్మదగింది కాదు. ఆ ఓడలో ఖైదీగా వెళ్తున్న పౌలు వద్దన్నాడు. అతన్ని తీసుకెళ్తున్న రోమా శతాధిపతి యూలి నావికుడి మాట, ఓడ యజమాని మాట నమ్మాడు. నిజానికి అది తెలివితక్కువ పనేం కాదు, వాళ్లు ఆ పనిలో ఆరితేరినవాళ్లు. ఎక్కువమంది కూడా వెళ్దామనే అన్నారు. కారణం కూడా రాసి ఉంది: ఆ రేవు చలికాలం గడపడానికి సౌకర్యంగా లేదు. ఫీనిక్సు మెరుగైన రేవు. పైగా దక్షిణపు గాలి మెల్లగా వీచింది, దాంతో "అనుకున్నట్టే జరుగుతోంది" అనుకున్నారు. పద్నాలుగు రాత్రుల తర్వాత 276 మంది మెలితే ఒడ్డుకు చేరారు. ప్రాణాలు దక్కాయి, ఓడా సరుకూ పోయాయి.

నైపుణ్యం ఉన్నవాడికి లాభనష్టాలు కూడా ఉంటాయి. ఓడ యజమానికి సరుకు చేరాలి. స్థలం అమ్మేవాడి తరఫు మధ్యవర్తి కూడా భూముల విషయంలో నిపుణుడే.

అభిషేకం_7 | మంగళవారం, ఉదయం 11:03

ఇవన్నీ వింటుంటే దేవుడు పిలిచిన సేవకుణ్ణి కమిటీ కాళ్ల కింద పెట్టేలా ఉంది. "నా అభిషిక్తులను ముట్టవద్దు" అని వాక్యం ఉంది. మోషే ఓటింగ్ పెట్టి ఎర్రసముద్రం దాటాడా?

బెరయ_పాఠకుడు | మంగళవారం, మధ్యాహ్నం 1:15

ఓటింగ్ పెట్టలేదు, నిజమే. కానీ ఎర్రసముద్రం దాటిన నాలుగు అధ్యాయాలకే, నిర్గమకాండము 18లో, మామ యిత్రో వచ్చి "నీవు చేయుచున్న పని మంచిది కాదు" అన్నాడు. మోషే కంటే అభిషిక్తుడు అప్పుడు ఇంకెవరున్నారు? యిత్రో మిద్యాను యాజకుడు, బయటివాడు. అయినా మోషే విన్నాడు. వెయ్యిమందికి, వందమందికి, యాభైమందికి, పదిమందికి అధిపతులను పెట్టాడు. యిత్రో ఊరికే తప్పు పట్టి పోలేదని కూడా చూడండి. పొద్దుట్నుంచి సాయంత్రం దాకా కూర్చుని చూశాడు, కారణం అడిగాడు, బదులుగా ఏం చేయాలో చెప్పాడు, దేవుడు సెలవిస్తేనే చేయమన్నాడు.

"ముట్టవద్దు" అన్నది కీర్తన 105:15. సందర్భం అబ్రాహాము, ఇస్సాకు, యాకోబులు పరదేశులుగా తిరుగుతుంటే రాజులు వాళ్లకు హాని చేయకుండా దేవుడు ఆపడం. హాని గురించిన మాట అది, మందలింపు గురించి కాదు. సౌలు మీద చెయ్యి వేయనన్న దావీదే గుహ బయట నిలబడి, అందరి ఎదుట, అతని తప్పు అతని మొహాన చెప్పాడు (1 సమూయేలు 24). అదే దావీదు రాజయ్యాక తప్పు చేస్తే, మందలించడానికి ప్రవక్త నాతాను వెళ్లాడు. అభిషిక్తుడికి సలహా చెప్పడం ముట్టడమైతే ప్రవక్తలకు పనే ఉండేది కాదు.

విచారణ_సేవకుడు | మంగళవారం, సాయంత్రం 5:50

కథోలిక పక్షం నుంచి కొంచెం. తిమోతి గారి "గుమస్తా" ప్రశ్నకు మా శ్రీసభ చట్టంలో సూటి జవాబుంది. 1983 నాటి కానన్ చట్టం 127వ అధికరణం సలహాను, సమ్మతిని విడదీస్తుంది. ఏదైనా పనికి కొందరి *సమ్మతి* కావాలని చట్టం అంటే, అది లేకుండా చేసిన పని చెల్లదు. *సలహా* మాత్రమే అడగాలంటే, వాళ్లు చెప్పినట్టు చేసి తీరాలని లేదు. కానీ వాళ్ల మాట వినకుండా చేస్తే మాత్రం ఆ పని చెల్లదు. అందరూ ఒకే మాట చెప్పినప్పుడు బలమైన కారణం లేకుండా దాన్ని దాటకూడదని కూడా ఉంది. ప్రతి విచారణకూ (అంటే పారిష్‌కు) ఆర్థిక మండలి తప్పనిసరి (537).

ఇంకా వెనక్కి వెళ్తే, ఆరో శతాబ్దంలో పునీత బెనెడిక్టు మఠ నియమం మూడో అధ్యాయం కూడా ఇదే చెబుతుంది. ముఖ్యమైన విషయమైతే మఠాధిపతి అందరినీ పిలిచి తానే విషయం చెప్పాలి, అందరి మాటా వినాలి, తర్వాత తన దగ్గర ఆలోచించుకుని నిర్ణయించాలి. చిన్న విషయాలకు పెద్దల సలహా చాలు. "అందరినీ" ఎందుకంటే, మేలైనదాన్ని ప్రభువు చాలాసార్లు చిన్నవాడికే తెలియజేస్తాడని. చెప్పేవాళ్లు వినయంగా చెప్పాలి, మొండిగా పట్టు పట్టకూడదని కూడా రాసి ఉంది. ఈ రెండో సగాన్ని మన పెద్దల కమిటీలు కూడా చదువుకోవాలి.

తిమోతి_నల్గొండ | మంగళవారం, రాత్రి 8:30

సలహా, సమ్మతి అన్న తేడా బాగా పనికొస్తుంది, వందనాలు. మరి స్వతంత్ర సంఘంలో దేనికి ఏది? పైనుంచి రాసిచ్చే బిషప్పూ లేడు, కానన్ చట్టమూ లేదు.

లెక్కల_డీకన్ | మంగళవారం, రాత్రి 11:20

రాసిచ్చేవాళ్లు లేకపోతే మీరే రాసుకోవాలి, అదీ గొడవ రాకముందే. గొడవ మొదలయ్యాక రాసిన నియమం ఎవరో ఒకరికి ఉరితాడులా కనిపిస్తుంది.

నా లెక్కలో ప్రసంగాంశం, ఆరాధన క్రమం, ఎవరింటికి ముందు వెళ్లాలి లాంటివి పాస్టర్ గారివే. సలహా కూడా ఇష్టముంటేనే. కొత్త కూడిక మొదలుపెట్టడం, అతిథి ప్రసంగీకులు, వేసవి బైబిల్ బడి ఖర్చు, ఇక్కడ పెద్దల సలహా అడగాలి, నిర్ణయం పాస్టర్‌ది. అప్పు, భూమి, భవనం, జీతాలు, పాస్టర్ కుటుంబంలో ఎవరికైనా పదవి, విదేశీ డబ్బు, వీటికి సమ్మతి తప్పనిసరి. భూమికి పెద్దల కమిటీ కూడా చాలదు, సర్వసభ్య సమావేశం తీర్మానం కావాలి.

కానుకల సంగతి. లెక్కపెట్టేది ఎప్పుడూ ఇద్దరు, ఒకే ఇంటివాళ్లు కాకూడదు. ఆరాధన అయిన వెంటనే, మందిరంలోనే. ఎన్ని 500లు, ఎన్ని 200లు, ఎన్ని 100లు అని నోట్ల వారీగా చీటీ రాసి ఇద్దరూ సంతకం. సోమవారం బ్యాంకు. బ్యాంకు రసీదు ఆ చీటీకే పిన్ను చేయాలి. డబ్బు ఒక్క రాత్రయినా పాస్టర్ గారింట్లో ఉండాల్సి వస్తే ఆ సంగతి కూడా చీటీ మీద రాయాలి. చెక్కుకు రెండు సంతకాలు. ఖాళీ చెక్కుల మీద ముందే సంతకం చేసి పెట్టడం చాలాచోట్ల నడుస్తోంది. అలాంటప్పుడు రెండో సంతకం ఉండీ లేనట్టే.

ఇది అపనమ్మకం అనేవాళ్లకు 2 కొరింథీయులకు 8:20-21 చాలు. చందా డబ్బు మోసుకెళ్లడానికి పౌలు తీతుతో పాటు సంఘాలు ఎన్నుకున్న మనిషిని కూడా పంపాడు, తన మీద ఎవరూ నింద వేయకుండా.

విదేశీ డబ్బు గురించి ఒక్క మాట. అమెరికాలో ఉన్న మన తెలుగాయన భారత పాస్‌పోర్టే వాడుతుంటే ఆయన సొంత సంపాదనలోంచి పంపింది విదేశీ విరాళం కాదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నాడంటే అది విదేశీ విరాళమే, ఓసీఐ (విదేశాల్లోని భారత సంతతి) కార్డున్నా సరే. ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) రిజిస్ట్రేషన్ లేకుండా ముట్టకూడదు. రిజిస్ట్రేషన్ ఉన్నా, 2020 సవరణ తర్వాత ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలోనే పడాలి. ఖజాంచి ఇది చెబితే "విశ్వాసం లేదు నీకు" అన్నారంటే అక్కడ సలహా ప్రక్రియ చచ్చిపోయినట్టే లెక్క.

పట్టా_పాస్‌బుక్ | బుధవారం, ఉదయం 7:10

స్థలం ఉదాహరణ కాబట్టి వకీలు పక్షం నుంచి. వినవలసిన మొదటి సలహా, స్థలం ఎవరి పేరున కొంటున్నారు అన్నదే.

పాస్టర్ సొంత పేరున రిజిస్టర్ అయి, వీలునామా లేకుండా ఆయన చనిపోతే 1925 నాటి భారత వారసత్వ చట్టం ప్రకారం భార్యకు మూడో వంతు, పిల్లలకు మిగిలిన రెండు వంతులు. కానుకలిచ్చిన సంఘానికి ఏమీ రాదు. పాస్టర్ ఎంత నిజాయితీపరుడైనా జరిగేది ఇదే, మనిషి మంచితనానికీ దీనికీ సంబంధం లేదు. 2001 సొసైటీల చట్టం కింద కనీసం ఏడుగురితో సొసైటీ పెట్టి దాని పేరున కొనాలి, లేదా ట్రస్టు డీడు రాసి కొనాలి. ఆ ఏడుగురూ ఒకే కుటుంబమైతే కాగితం మారింది, మనుషులు మారలేదు.

తర్వాత ముప్పై ఏళ్ల ఈసీ (ఆ భూమి మీద జరిగిన లావాదేవీల ధ్రువపత్రం), పాత యజమానుల నుంచి వచ్చిన లింకు దస్తావేజులన్నీ. సర్వే నంబరు 22ఏ నిషేధిత జాబితాలో (రిజిస్ట్రేషన్ చేయకూడని భూములు) ఉందేమో చూడాలి. అసైన్డ్ భూమి (ప్రభుత్వం పేదలకిచ్చినది) అయితే 1977 చట్టం దగ్గర ఆగాలి. "తక్కువకు వస్తోంది" అన్న భూమి ఎందుకు తక్కువకు వస్తోందో సగంసార్లు కారణం ఇదే. ఇంకొకటి, బయానా ఇచ్చాక వకీలుకు చూపించడం సలహా అడగడం కాదు. అప్పటికి మా పని చెడును లెక్కకట్టడమే.

ఎస్తేరు_గుంటూరు | బుధవారం, మధ్యాహ్నం 2:45

పన్నెండు గంటలుగా చదువుతున్నాను, సలహా చెప్పేవాళ్లంతా మగవాళ్లే. 1 సమూయేలు 25 చూడండి. నాబాలు పనివాళ్లలో ఒకడు అబీగయీలు దగ్గరికి వచ్చి, అతనితో ఎవరూ మాట్లాడలేరు, అంత చెడ్డవాడు అంటాడు (17వ వచనం). వినని నాయకుణ్ణి గుర్తుపట్టడానికి ఇంతకంటే మంచి గుర్తు నాకు తెలీదు. ప్రమాదం కళ్లముందున్నా ఇంట్లో పనివాడు యజమానికి చెప్పడు, చుట్టూ తిరిగి భార్యకు చెబుతాడు.

సంఘంలో జనం పాస్టర్ గారిని వదిలేసి ఆయన భార్య అమ్మగారి చెవిన వేస్తున్నారంటే, అమ్మగారు మంచివారు అని మురిసిపోకండి. పాస్టర్ గారి తలుపు మూసుకుపోయిందని దాని అర్థం.

అదే అధ్యాయంలో ఇంకో నాయకుడు కూడా ఉన్నాడు. నాబాలు తనను అవమానించాడని దావీదు నాలుగొందల మందితో కత్తి కట్టుకుని దారిలో ఉన్నాడు. ముందూ వెనకా తెలియని ఒక స్త్రీ, ఆ అబీగయీలే, గాడిద దిగి మాట్లాడితే ఆగిపోయాడు. బయలుదేరాక ఆగడం, అదీ మనుషులందరి ఎదుట, ఎంత కష్టమో కమిటీలు నడిపినవాళ్లకు తెలుసు.

అందుకని పెద్దల సమావేశానికి ముందు స్త్రీల సమాజం నుంచి ఇద్దరిని కూర్చోబెట్టి అదే కాగితం ఇచ్చి అడగండి. ఏ ఇంట్లో ఎవరికి పని పోయింది, ఎవరు పుస్తెలు కుదువబెట్టి కానుక వేశారు, ఇవి వాళ్లకు తెలుస్తాయి. "కుటుంబానికి 25 వేలు" అని తీర్మానం చేసేముందు ఆ సంగతి తెలియడం మంచిది.

గోదావరి_బ్రదరన్ | బుధవారం, సాయంత్రం 4:05

సిస్టర్ గారూ, ఒప్పుకుంటున్నాను. కుష్ఠు నయమైన సిరియా సేనాధిపతి నయమాను కథలో కూడా ఇంతే. మొదటి మాట చెరపట్టి తెచ్చిన చిన్నదానిది, చివరి మాట పనివాళ్లది.

లెక్కల_డీకన్ | బుధవారం, రాత్రి 9:30

ఎస్తేరు గారు "కాగితం" అన్నారు కాబట్టి. ఆ కాగితం లేకపోవడమే సగం సమస్య. సమావేశానికి వచ్చాక విషయం చెబితే పెద్దలు చేసేది ఆలోచన కాదు, తలూపుడు. కనీసం ఏడు రోజుల ముందు ఒక్క పేజీ అందాలి. ఏం నిర్ణయించాలి, మొత్తం ఎంత (రిజిస్ట్రేషన్, స్టాంపు ఖర్చులతో సహా), చేతిలో ఎంత ఉంది, మిగతాది ఎక్కడిది, చేయకపోతే ఏమవుతుంది, ఇంకో మార్గం ఏమిటి. చివరి రెండూ రాయకుండా వచ్చిన కాగితాన్ని వెనక్కి పంపాలి.

సమావేశంలో పాస్టర్ గారు చివర మాట్లాడాలి. ఇది చిన్న విషయంలా కనిపిస్తుంది కానీ నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యం. ఆయన మొదటే "ప్రభువు నాకు చూపించాడు" అంటే, ఆ తర్వాత వద్దన్న ప్రతివాడూ ప్రభువును వద్దన్నట్టే అవుతుంది. వయసులో చిన్నవాళ్లతో మొదలుపెట్టి పైకి రావాలి. ఒక్కొక్కరినీ పేరు పెట్టి అడగాలి. "ఎవరికైనా అభ్యంతరమా?" అంటే మన ఊళ్లలో ఎవరూ నోరు విప్పరు. "ఇందులో మీకు భయమనిపించేది ఏమిటి?" అంటే విప్పుతారు.

అభిషేకం_7 | బుధవారం, రాత్రి 10:15

సరే, ఇది ఒప్పుకుంటాను. కానీ అపొస్తలుల కార్యములు 21 మాటేమిటి? కైసరయలో ప్రవక్త అగబు, యెరూషలేముకు వెళ్తే ఇలా కడతారని, పౌలు నడికట్టుతో చేతులు కాళ్లు కట్టుకుని చూపించాడు, అందరూ ఏడ్చి బతిమాలారు. పౌలు వినలేదు, వెళ్లాడు. అతను తప్పు చేశాడా?

గోదావరి_బ్రదరన్ | గురువారం, ఉదయం 6:40

మంచి ప్రశ్న బ్రదర్. 21నీ 27నీ పక్కపక్కన పెడితే నాకు కనిపించేది ఇది. యెరూషలేములో కట్టబడేది ఎవరు? పౌలు ఒక్కడే. బంధింపబడడానికే కాదు, చనిపోవడానికి కూడా సిద్ధం అన్నాడు. నష్టం తన ఒంటి మీద పడేది. అందుకే వాళ్లు చివరికి ప్రభువు చిత్తం జరగనీ అని ఊరుకోగలిగారు. ఓడలో నష్టం 276 మందిది. పాస్టర్ తన జీతం వదులుకుని కొండ ప్రాంతానికి సేవకు వెళ్తానంటే పెద్దలు వద్దన్నా వెళ్లవచ్చు. వంద కుటుంబాల మీద అప్పు వేసి స్థలం కొంటానంటే అది పౌలు ధైర్యం కాదు.

సలహా వింటే అన్నీ మంచే జరుగుతాయని కూడా అనుకోవద్దు. అదే 21లో యాకోబు, పెద్దలు చెప్పినట్టు పౌలు నలుగురి మొక్కుబడి ఖర్చు పెట్టుకుని దేవాలయంలోకి వెళ్లాడు. అక్కడే పట్టుకున్నారు.

బెరయ_పాఠకుడు | గురువారం, ఉదయం 9:00

దీనికి ఇంకో కొలత కలుపుతాను. తండ్రి దావీదు మీద తిరగబడిన అబ్షాలోము ముందు రెండు సలహాలు (2 సమూయేలు 17). అహీతోపెలుది చిన్నది: పన్నెండు వేల మంది, ఈ రాత్రే, రాజునొక్కణ్ణే, నేను వెళ్తాను. హూషైది పెద్దది: దాను మొదలు బెయేర్షెబా వరకు అందరినీ పోగుచేయి, నువ్వే స్వయంగా నడువు. పనికొచ్చేది మొదటిది. నచ్చింది రెండోది, ఎందుకంటే అందులో అబ్షాలోము బొమ్మ పెద్దగా కనిపిస్తుంది. హూషై దావీదు మనిషి అన్నది తర్వాతి సంగతి. నాయకుణ్ణి పెద్దగా చూపించే సలహాను రెండు రాత్రులు పక్కన పెట్టి మళ్లీ చూడాలి. "జిల్లాలోనే పెద్ద మందిరం" అన్న మాట వినిపించిందంటే హూషై గదిలో ఉన్నాడు.

విచారణ_సేవకుడు | గురువారం, మధ్యాహ్నం 12:20

కాలం గురించి కూడా. దక్షిణ భారత సంఘం ఏర్పడడానికి చర్చలు 1919లో తరంగంబాడిలో మొదలైతే సంఘం 1947 సెప్టెంబరు 27న వచ్చింది. 28 ఏళ్లు. మొదటి నుంచీ ముందున్న దోర్నకల్ బిషప్ అజరయ్య గారు 1945 జనవరి 1న కన్నుమూశారు, ఆ రోజు చూడలేదు. నేను కథోలికుణ్ణి, ఆ సంఘం నాది కాదు. అయినా ఆ ఓపికకు దండం పెడతాను.

అటుపక్క అమెరికాలో సియాటెల్ నగరపు మార్స్ హిల్ సంఘం ఉంది. 1996లో మొదలై చాలా పెద్దదైంది. 2007లో నియమావళి మార్పుల సమయంలో ఇద్దరు పెద్దలను తొలగించారు. 2014 అక్టోబరులో ప్రధాన పాస్టర్ రాజీనామా చేశారు, ఆ ఏడాది ముగిసేసరికి సంఘమే విడిపోయింది. వద్దన్నవాళ్లు బయటికి పోయాక కమిటీలో ఏకగ్రీవం సులువే.

పర్యవేక్షకుడు | గురువారం, మధ్యాహ్నం 12:55

బయటి ఉదాహరణ సరే. మన ప్రాంతపు సంఘాల పేర్లు, పాస్టర్ల పేర్లు మాత్రం ఇక్కడ రాయకండి. ఇప్పటికే రెండు వ్యాఖ్యలు తీసేశాను.

తిమోతి_నల్గొండ | గురువారం, రాత్రి 9:45

చాలా దొరికింది. ఆఖరుగా రెండు. ఎంతమంది సలహాదారులు? వద్దన్నవాడి మాట ఓడిపోతే అతను ఏం చేయాలి?

లెక్కల_డీకన్ | గురువారం, రాత్రి 11:05

సామెతల్లో "బహుమంది" అని ఉంది కానీ, పెద్దలు కాక ముగ్గురు నలుగురు బయటివాళ్లు చాలు. ఇంకో సంఘపు వయసైన పాస్టర్ ఒకరు, లెక్కలు తెలిసినవారు ఒకరు, భూమి కాగితాలు తెలిసినవారు ఒకరు, కుటుంబాల సంగతి తెలిసిన స్త్రీ ఒకరు. షరతు ఒక్కటే, ఎవరూ పాస్టర్ దగ్గర జీతం తీసుకునేవాళ్లు, బంధువులు, అప్పున్నవాళ్లు కాకూడదు. ఏడుగురు దాటితే అది సలహా కాదు, సభ.

ఓడిన మాట మినిట్స్‌లో ఎక్కాలి, పేరుతో, కారణంతో, రెండు వాక్యాల్లో. "చర్చ అనంతరం తీర్మానించడమైనది" అని రాసి వదిలేస్తే ఆ మాట పోయినట్టే. ఎక్కాక అతను బయట టీ కొట్టు దగ్గర మళ్లీ అదే మాట మాట్లాడకూడదు. ఆర్నెల్లకు ఆ పేజీ తీసి చదవాలి, భయపడింది జరిగిందా లేదా అని. అపొస్తలుల కార్యములు 27లోనే, నావికులు పడవ దించుకుని పారిపోబోతుంటే పౌలు చెప్పగానే ఈసారి శతాధిపతి విన్నాడు, సైనికులు తాళ్లు కోసేశారు. మొదటిసారి పౌలు ఏమన్నాడో అందరికీ గుర్తుంది కాబట్టి.

పట్టా_పాస్‌బుక్ | శుక్రవారం, ఉదయం 7:30

మినిట్స్ పుస్తకం బైండు చేసిందే కొనండి, పేజీ నంబర్లు ముందే వేసి. విడి కాగితాలు ఫైలులో పెడితే కోర్టులో ఎదుటి వకీలు మొదటి ప్రశ్న దాని మీదే వేస్తాడు. సంతకాలు ఆ రోజే పెట్టించండి, వచ్చే నెల సమావేశంలో కాదు.